బొమ్మల పుస్తకం ఇంటిల్లిపాదిదీ

(ప్రసంగ పాఠం)



అక్షరాలు నేర్చుకోవడం ఒక ఎత్తు. నేర్చుకున్నవి నిలుపుకోవడం ఇంకో ఎత్తు. వాడని కొడవలి తుప్పు పడుతుంది. చదవని అక్షరం మరుపున పడుతుంది.

మరి చదవడానికి ఇంట్లో ఏముంది? రేషన్ కార్డు ఉంది. బ్యాంకు పుస్తకం ఉంది. పొదుపు సంఘం లెక్కల పుస్తకం ఉంది. అవన్నీ అవసరమే. కాని అవి చదువుతుంటే పక్కన కూర్చుని వినేదెవరు? పిల్లలు వింటారా? వినరు. పిల్లలు వినేది కథ. చూసేది బొమ్మ.

అందుకే ఈ రోజు బొమ్మల పుస్తకాల గురించి మాట్లాడుకుందాం.

"అవి పిల్లలవి కదా, మాకెందుకు?" అంటారు కొందరు. "పిల్ల గడగడా చదువుతుంది. నేను కూడబలుక్కోవాలి. దాని ముందు సిగ్గేస్తుంది" అంటారు ఇంకొందరు.

సిగ్గెందుకు? బొమ్మల పుస్తకంలో పేజీకి రెండు మూడు వాక్యాలే ఉంటాయి. అక్షరాలు పెద్దగా ఉంటాయి. ఒక మాట దగ్గర ఆగిపోతే బొమ్మ సాయం చేస్తుంది. తల్లి నిదానంగా చదివితే బిడ్డకు లాభమే. బొమ్మను బాగా చూసే తీరిక దొరుకుతుంది. బిడ్డకు అక్షరాలు ఎక్కువ తెలియొచ్చు. లోకం తల్లికే ఎక్కువ తెలుసు. బొమ్మలో చెట్టు ఉంటే అది ఇప్పచెట్టో, మద్దిచెట్టో తల్లి చెబుతుంది. ఇద్దరూ కలిస్తేనే ఆ పుస్తకం పూర్తవుతుంది.

బొమ్మల్లో కథ మనకు కొత్త కాదు

భద్రాచలం అడవుల్లో కోయ గూడేలున్నాయి. కోయల దగ్గర పడిగెలుంటాయి. పడిగె అంటే పొడవాటి మూడు మూలల గుడ్డ. దాని మీద బొమ్మలుంటాయి. వంశం ఎట్లా పుట్టింది? పెద్దలు ఎక్కడి నుంచి వచ్చారు? ఆ కథంతా ఆ బొమ్మల్లో ఉంటుంది. డోలి వాళ్లు డోలు కొట్టి ఆ కథలు పాడతారు. చూసేవాళ్లకు ఒక్క అక్షరం రాకపోయినా కథ అర్థమవుతుంది. అదే మన బొమ్మల పుస్తకం. అచ్చు లేదు, అంతే.

మణుగూరు మండలంలోని సకిని రామచంద్రయ్య గారు అట్లాంటి డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు.

అదే 2022లో ఇంకొకరికి కూడా పద్మశ్రీ వచ్చింది. ఆమె దుర్గాబాయి వ్యామ్. మధ్యప్రదేశ్ గోండు ఆడబిడ్డ. చిన్నప్పుడు ఆమెకు బడి చదువు దొరకలేదు. ఇంటి గోడ మీద, నేల మీద ముగ్గులు, బొమ్మలు వేయడం తల్లి దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు ఆమె బొమ్మలు పుస్తకాలుగా వచ్చాయి. దేశదేశాల వాళ్లు చూస్తున్నారు. గోడ మీది ముగ్గు పుస్తకంలోకి నడిచింది. చూశారా!

ఏ పుస్తకాలు తెచ్చుకోవాలి?

ముందు చిన్నపిల్లల సంగతి. నేషనల్ బుక్ ట్రస్ట్ అనే సంస్థ ఉంది. అది 1957లో పుట్టింది. అది ప్రభుత్వ సంస్థ. పిల్లల కోసం నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో పుస్తకాలు వేస్తుంది. తెలుగులో కూడా ఉన్నాయి. ధర తక్కువ. ప్రథమ్ బుక్స్ అనే సంస్థ 2004లో మొదలైంది. అదీ తక్కువ ధరకే తెలుగు బొమ్మల పుస్తకాలు ఇస్తుంది. వాటిలో నాలుగు మెట్లున్నాయి. మొదటి మెట్టు పుస్తకంలో మాటలు చాలా తక్కువ. కొత్తగా చదువుకున్న తల్లి కూడా మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టొచ్చు.

బడి పిల్లలకు మొయినా కథ చెప్పండి. రాసింది బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి. మద్రాసులోని తూలిక సంస్థ బొమ్మలతో అచ్చు వేసింది. మొయినా శబర గిరిజన పిల్ల. దొర మేకలు కాస్తుంది. ప్రతిదానికీ ఎందుకు అని అడుగుతుంది. దొర ఇంట్లో మిగిలిన అన్నం తామెందుకు తినాలని అడుగుతుంది. నీళ్ల కోసం అంత దూరం ఎందుకు నడవాలని అడుగుతుంది. మేకలు కాసే పిల్లకు కుదరని వేళలో బడి ఎందుకు పెట్టారని టీచరునే నిలదీస్తుంది. చివరికి చదువుకుంటుంది. పెద్దయ్యాక తానే పాఠాలు చెబుతుంది. ఈ కథ పిల్లలకే కాదు, తల్లులకు కూడా.

హైదరాబాదులో అన్వేషి అనే స్త్రీల అధ్యయన సంస్థ ఉంది. 2008లో అది పిల్లల కథల పుస్తకాల వరుస ఒకటి తెచ్చింది. తెలుగులోనూ వచ్చింది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు లాంటి వాళ్లు రాశారు. దళితవాడ పిల్లలు, ముస్లిం ఇంటి పిల్లలు అందులో కథానాయకులు. పొలం పని చేసే ఆడపిల్ల, ఇంట్లో తలకాయ కూర వండుకునే పిల్లవాడు వాటిలో కనిపిస్తారు. "ఇది మా ఇల్లు లాగే ఉంది" అని పిల్లలు అంటే చాలు. ఆ పుస్తకం గెలిచినట్టే.

చందమామ పేరు విననివాళ్లు తక్కువ. 1947 జులైలో అది మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పెట్టారు. ప్రతి కథకూ బొమ్మ ఉండేది. ఇప్పుడు కొత్త సంచికలు రావడం లేదు. పాతవి ఎవరి ఇంట్లోనైనా ఉంటే అడిగి తెచ్చుకోండి.

ఇక పెద్ద పిల్లలు. వాళ్లకు పెద్ద బొమ్మల కథలున్నాయి. ఒక పుస్తకమంతా ఒకే కథ. భీమాయణం అట్లాంటిదే. 2011లో మొదట ఇంగ్లీషులో వచ్చింది. అంబేద్కర్ గారి జీవిత కథ అది. బొమ్మలు వేసింది దుర్గాబాయి, ఆమె భర్త సుభాష్ వ్యామ్. చిన్న భీముడికి బడిలో దాహం వేస్తుంది. కాని అంటరానివాడని నీళ్లు ముట్టనివ్వరు. ఆ బాధ బొమ్మల్లోనే తెలుస్తుంది. మంచి మాటలు చెప్పేవాళ్ల మాటలు పక్షి ఆకారంలో ఉంటాయి. విషపు మాటలకు తేలు కొండి ఉంటుంది. ఏ మాట మంచిదో, ఏ మాట కుడుతుందో చదవకముందే తెలిసిపోతుంది. కాలేజీలో చదివే కొడుకు గానీ కూతురు గానీ ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు చదివి చెబుతారు. మీరు బొమ్మ చూసి వాళ్లకు చెప్పండి.

తెచ్చే ముందు తిరగేసి చూడండి

బొమ్మలున్న ప్రతి పుస్తకమూ మంచిది కాదు. విత్తనం కొనేటప్పుడు గింజ చూస్తాం కదా! పుస్తకాన్నీ అట్లాగే చూడాలి.

రాక్షసుడిని ఎట్లా గీశారు? నల్లగా గీశారా? అడవి మనిషిలా, ఆకులు కట్టినట్టు గీశారా? మంచివాళ్లందరూ తెల్లగా ఉన్నారా? అమర చిత్ర కథలు 1967 నుంచి వస్తున్నాయి. పురాణాలు, చరిత్ర వాటి వల్ల చాలామందికి తెలిశాయి. కాని వాటిలో కొన్నిటి మీద ఈ విమర్శే ఉంది. గూడెం పిల్ల ఆ బొమ్మ చూస్తే ఏమనుకుంటుంది? నల్లగా ఉన్న తన తండ్రే రాక్షసుడనుకోదా? బొమ్మ మాట కంటే లోతుగా దిగుతుంది. అందుకే జాగ్రత్త.

అమ్మ బొమ్మ ఎక్కడుంది? ఎప్పుడూ పొయ్యి దగ్గరేనా? పొలంలో, సంతలో, సంఘం మీటింగులో ఉందా? అదీ చూడండి.

అట్లాంటి పుస్తకం చేతికొస్తే చింపేయక్కర్లేదు. బిడ్డతో మాట్లాడండి. "వీళ్లను ఎందుకిట్లా గీశారు?" అని అడగండి. మొయినా లాగా బిడ్డ కూడా ఎందుకని అడగడం నేర్చుకుంటుంది.

మన మాటలో చెప్పండి

కోయ ఇంటి పిల్ల బడికి పోతుంది. బడిలో మాట తెలుగు. ఇంట్లో మాట కోయ. పిల్ల బిక్కమొహం వేస్తుంది. ఈ కష్టం చూసే 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన భాషల్లో చదువు మొదలైంది. కోయతో కలిపి ఎనిమిది భాషలు. కోయ మాటలనే తెలుగు అక్షరాల్లో రాసి వాచకాలు చేశారు.

బొమ్మల పుస్తకానికి ఈ చిక్కే లేదు. బొమ్మకు భాష లేదు. తెలుగు వాక్యం చదవండి. తర్వాత అదే సంగతి కోయలో చెప్పండి. లంబాడీ ఇంట్లో లంబాడీలో చెప్పండి. అప్పుడు బిడ్డకు రెండు భాషలూ వస్తాయి. ఇంటి మాట చిన్నదనే భయం పోతుంది.

ఎక్కడ దొరుకుతాయి?

కొనాల్సిన పనే లేని దారులున్నాయి. బడిలో పిల్లల పుస్తకాలుంటాయి. కొన్నిచోట్ల అవి బీరువాలోనే ఉండిపోతాయి. టీచరును అడగండి. "వారానికి ఒకటి ఇంటికి ఇవ్వండి, జాగ్రత్తగా తిరిగిస్తాం" అని చెప్పండి. పదిమంది తల్లులు కలిసి అడిగితే బీరువా తలుపు తెరుచుకుంటుంది. ఊరికి దగ్గరలో శాఖా గ్రంథాలయం ఉంటే అక్కడా అడగండి.

ఫోను ఉన్న ఇంట్లో ఇంకో దారి ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ మొదలుపెట్టారు. అందులో తెలుగు బొమ్మల కథలు ఊరికే చదువుకోవచ్చు.

కొనాలంటే సికింద్రాబాదులో మంచి పుస్తకం అనే సంస్థ ఉంది. పిల్లల తెలుగు పుస్తకాలే వాళ్ల పని. పొదుపు సంఘంలో తలా కొంత వేసుకుంటే గూడేనికి ఒక పెట్టెడు పుస్తకాలొస్తాయి. ఇల్లిల్లూ తిరుగుతాయి.

కథ చిన్నదే, బలం పెద్దది

"చిన్న కథతో ఏమవుతుంది?" అనుకోవద్దు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో చదువు నేర్చుకున్నారు. వాళ్ల వాచకంలో సారా వల్ల చెడిన సంసారం కథ ఉంది. కథ చదివారు. తమ ఇళ్ల గురించి మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా మీద నిషేధం వచ్చింది. వాళ్లు కూడా కొత్తగా అక్షరాలు నేర్చినవాళ్లే.

ఈ రాత్రి అన్నాలయ్యాక దీపం దగ్గర కూర్చోండి. బిడ్డను ఒళ్లో పెట్టుకోండి. ఒక్క పేజీ చాలు. వేలు పెట్టి చదవండి. తప్పు పోతే పోనీ. బిడ్డ దిద్దితే నవ్వండి. అక్షరం నిలుస్తుంది. కథ నిలుస్తుంది.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో పిల్లలు చదివే పుస్తకాలు ఏమున్నాయి? బడి పుస్తకాలు కాక ఇంకేమైనా ఉన్నాయా?

2. మీ ఊరి బడిలో బొమ్మల పుస్తకాలు ఎన్ని ఉన్నాయి? అవి పిల్లల చేతికి వస్తున్నాయా?

3. మీ అమ్మ, అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి గుర్తు చేసుకోండి. దానికి నాలుగు బొమ్మలు వేయండి. ఒక్కో బొమ్మ కింద ఒక్కో వాక్యం రాయండి. అది మీరు చేసిన మొదటి పుస్తకం అవుతుంది.