రాయబారము – మాటనేర్పు



వాక్కునకు రూపములు పెక్కులు. అడుగుట, ఒప్పించుట, హెచ్చరించుట, నిందించుట – అన్నియు మాటలే. కాని యొకచోట తగిన పలుకు వేరొకచోట తగదు. ఈ భేదము నెరుగగోరువారు దూరము పోనక్కరలేదు. పదమూడవ శతాబ్దమున నెల్లూరిలో మనుమసిద్ధికి మంత్రియైన తిక్కన సోమయాజి తెనిగించిన ఉద్యోగపర్వము చాలును.

అందు ముందుగా ద్రుపదుని పురోహితుడు కౌరవసభకేగి పాండవుల న్యాయమును దాపరికము లేక చెప్పెను. అది సత్యమేగాని మిక్కిలి తీక్ష్ణమని భీష్ముడనెను. కర్ణుడు కోపించెను. సత్యమునకును మృదుత్వము వలయును.

పిమ్మట సంజయుడు ధర్మరాజు కడకు వచ్చెను. యుద్ధము పాపమనియు, శాంతి మేలనియు తేనెలొలుక పలికెను. కాని ధృతరాష్ట్రుడు రాజ్యభాగమిత్తునన్న మాట యొక్కటియు నాతనిచేత పంపలేదు. ఇచ్చునది లేని తీపిమాట తగవు తీర్పజాలదు. ధర్మరాజు బదులుగా ఐదూళ్లిచ్చిన చాలుననెను. ఆ మాటలో మెత్తదనమును గలదు, లెక్కయును గలదు.

మూడవ రాయబారము శ్రీకృష్ణునిది. ఆయన ధృతరాష్ట్రుని సంబోధించి, వంశగౌరవమును తలపించి, సంధివలన నాతనికే కలుగు బలమును జూపెను, అది సామము. సుయోధనుడు వినకున్న, వానిని బంధించి యప్పగింపుడని పెద్దలను హెచ్చరించెను, అది దండము. మరలిపోవుచు కర్ణుని రథమెక్కించుకొని జన్మరహస్యము చెప్పెను, అది భేదము. నోరొక్కటియే, వినువారినిబట్టి మాట మారెను.

తుదకు ఉలూకుడు సుయోధనుని దూషణములను మోసికొని వచ్చెను. అదియు రాయబారమే, కాని సంధికి మిగిలిన త్రోవను మూసెను.

కృష్ణుడంతవాడు చెప్పినను యుద్ధమాగలేదు గదా, మాటనేర్పువలన ఫలమేమని కొందరందురు. దీనికి తిక్కన జీవితమే సమాధానము. అక్కన బయ్యనలు నెల్లూరి రాజ్యము నపహరింపగా, ఆయన ఓరుగంటికేగి కాకతీయ గణపతిదేవుని మెప్పించి, ఆతని సాహాయ్యమున మనుమసిద్ధికి రాజ్యము మరల సమకూర్చెనని సిద్ధేశ్వరచరిత్రము చెప్పుచున్నది. గణపతిదేవునకు వినుచెవి గలదు; సుయోధనునకు లేదు. చెప్పువాని నేర్పు సగము, వినువాని మనసు సగము.

కాలువనీటి వంతునకై రైతులు తగవులాడినను, వలలు వేయుచోటికై పట్టపువారు తగవులాడినను, ఈ నలుగురు దూతలును రచ్చబండకు వత్తురు. ఒకడు నిజమును కఱకుగా పలుకును. ఒకడు ఏమియు నీయక శాంతి బోధించును. ఒకడు తిట్లను మోసికొని వచ్చును. ఇరువాగులకును ఐదూళ్లవంటి కొలతను జూపువాడు కావలయును. వానిమాట తుదిదాక వినువారును కావలయును. పరుని వాక్యమును నడుమ త్రెంపక వినుట పుస్తకపఠనము నేర్పు విద్య. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరికి నేర్పుచున్నదదియే. ఇది చిరకాలము వర్ధిల్లుగాక!