నేల కింది గ్యాస్‌కు నాడి చూడటం
(వనస్థలిపురంలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను గోదావరి జిల్లాల్లో గ్యాస్ బావుల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఆ పని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు.

రిజర్వాయర్ అనగానే మనకు ఉస్మాన్‌సాగర్ గుర్తుకొస్తుంది. మా రిజర్వాయర్ చెరువు కాదు, ఇసుకరాయి. ఆ రేణువుల సందుల్లో గ్యాస్, దాని అడుగున ఉప్పునీరు ఉంటాయి. 3,000 మీటర్ల లోతున ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి సుమారు 300 రెట్లు. గ్యాస్‌ను పైకి తెచ్చేది ఆ ఒత్తిడే. అది మన బ్యాంకు నిల్వ వంటిది. తీసినకొద్దీ తరుగుతుంది.

అందుకే అప్పుడప్పుడు బావిని మూసి, సన్నని ఉక్కు తీగతో ఒత్తిడి కొలిచే సాధనాన్ని అడుగుకు దింపుతాము. 10 కోట్ల ఘనపు మీటర్లు తీశాక ఒత్తిడి 300 నుండి 270కి దిగిందనుకోండి. పదోవంతు తగ్గింది గనుక మొదట ఉన్నది ఉజ్జాయింపుగా 100 కోట్లు. అయితే ఒక చిక్కుంది. కింది నుండి నీరు చొరబడితే ఒత్తిడి అంతగా తగ్గదు, నిల్వ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి గ్యాస్‌తో వచ్చే నీటిని కూడా పరీక్షించాలి. ఆవిరి చల్లబడి వచ్చిన నీరైతే చప్పగా ఉంటుంది. ఉప్పు పెరుగుతున్నదంటే అడుగు నీరు బావిని చేరుతున్నట్టే. అప్పుడు ధార తగ్గించి నడపాలి.

ఈ లెక్కలు ఎవరికి కావాలంటారా? కాకినాడ తీరానికి ఆవల, సముద్రంలో 2002లో రిలయన్స్ సంస్థ కనుగొన్న కె.జి. డి-6 సంగతి చూడండి. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, ఆపైన పడిపోయింది. నీరు, ఇసుక చేరి బావులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 10 లక్షల కోట్ల ఘనపుటడుగులకు పైగా ఉందన్న నిల్వను 2012లో సుమారు 3 లక్షల కోట్లకు తగ్గించారు. అనుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, భూగర్భమే ఊహించినట్టు లేదని కంపెనీ వాదించాయి. ఆ గ్యాస్‌ను నమ్ముకున్న అప్పటి ఉమ్మడి రాష్ట్రపు విద్యుత్ కేంద్రాలకు 2013లో సరఫరా నిలిచింది. వేల కోట్ల యంత్రాలు ఖాళీగా నిలబడ్డాయి. డి-1, డి-3 క్షేత్రాల ఉత్పత్తి 2020 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఆ బ్లాకులోనే వేరే క్షేత్రాల నుండి 2020 డిసెంబరులో మళ్ళీ గ్యాస్ మొదలైంది.

ముందు వేసిన అంచనా ఎంత గొప్ప నిపుణులదైనా అంచనాయే. బావి ఇచ్చే కొలతే సాక్ష్యం. ధార బాగున్నప్పుడు కొలవడానికి ఎవరికీ మనసొప్పదు. బావి మూస్తే ఆరోజు ఉత్పత్తి పోతుందంటారు. కాని ధార తగ్గాక కొలిస్తే చేయగలిగింది కొద్దే.

మన కాలనీలో గ్యాస్ లేదు గాని బోర్లున్నాయి. మనది నల్లరాయి నేల, పగుళ్ళలో ఉన్నవే నీళ్ళు. మోటారు పోస్తున్నంతకాలం మట్టం ఎక్కడుందో అడిగేవారుండరు. నెలకొకసారి మోటారు ఆపి, మట్టం కొలిపించి, రిజిస్టరులో తేదీతో రాయించండి. రిజిస్టర్లు రాయడం మనకెవరూ నేర్పనక్కరలేదు కదా!