“కరుగు” అను మాట
(బేతంచెర్ల సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)

మనము దినమును వాడుకొను ఒక చిన్న మాటను గూర్చి ఈ సాయంకాలము ఆలోచింతము. ఆ మాట “కరుగు”.

వెన్న సెగకు కరుగును. ఉప్పు నీళ్లలో కరుగును. ఇంగ్లీషువారు మొదటిదానికి మెల్ట్ అనియు, రెండవదానికి డిజాల్వ్ అనియు వేర్వేరు మాటలు వాడుదురు. మనకు రెంటికిని ఒకటే మాట. ఇది అచ్చమైన దేశ్య పదము. కన్నడములో “కరగు”, తమిళములో “కరై” దీని తోబుట్టువులు. “ద్రవించు” అనునది సంస్కృతము నుండి వచ్చినది. దాని ధాతువైన “ద్రు”నకు పరుగెత్తుట అని అర్థము.

నిప్పు లేకుండ రాయి కరుగునా? మన ఊరి దగ్గరి బిల్లసర్గం గుహలను చూడుడి. 1880ల దశాబ్దిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొరయు ఆయన కుమారుడును అక్కడ త్రవ్వించి పురాతన జంతువుల ఎముకలు వెలికితీసిరి. ఆ గుహలను తొలిచినది నీరే. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెము పులుపెక్కును. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలో దిగి, వేలకొలది యేండ్లు మెల్లమెల్లగా దానిని కరగించును. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలును ఈలాగు ఏర్పడినవే; వాటి పొడవు 3,229 మీటర్లు.

మనస్సునకును ఈ మాటనే వాడుదుము. 22వ కీర్తనలో హృదయము మైనమువలె కరుగుట వేదనకు గురుతు. మన వాడుకలో “మనసు కరిగింది” అన్నచో జాలి పుట్టినదని అర్థము. ఒకటే మాటలో బలహీనతయు కనికరమును ఇమిడియున్నవి. కాబట్టియే కరుగుటకు మనకు భయము. పొలము గట్టు తగాదాతో ఏండ్ల తరబడి మాటలు మానుకొన్న అన్నదమ్ములు మన సంఘములలోను కలరు. “ముందు నేను మెత్తబడితే చులకనైపోనా?” అని ఇద్దరును అందురు.

నీళ్లలో కరిగిన ఉప్పు కంటికి కనబడదు. అయినను ప్రతి గుక్కలోను దాని రుచి యుండును. ఆ నీళ్లను మరగించి ఇగిర్చినచో ఉప్పు తిరిగి దొరకును. కరిగిన సున్నపురాయియు బెలుం గుహల కప్పునుండి బొట్టుబొట్టుగా జారి, మరల రాయియై వ్రేలాడుచున్నది. కరిగినంత మాత్రమున ఏదియు నశింపలేదు.

పదియేండ్ల పగ ఒక్క పంచాయితీతో కరగకపోవచ్చును. బండను కరగించిన నీరు బొట్టు వెంట బొట్టుగానే పడినది. రేపు ఉదయము బావి దగ్గరనో బస్టాండులోనో ఆ అన్న ఎదురైనప్పుడు “బాగుండావా, అన్నా?” అని పలుకరింపుడి. ఆయన బదులు పలుకకపోయినను, మరునాడును పలుకరింపుడి.