కెన్యా వెళ్లే పెద్దలకు నాలుగు మాటలు

(చోడవరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేనూ మా ఆవిడా నైరోబీలో మా అబ్బాయి దగ్గరకు వెళ్లొచ్చాం కనుక అనుభవంతో చెబుతున్నాను. 2024 జనవరి నుంచి కెన్యాకు వీసా లేదు. ముందుగా ఆన్‌లైన్‌లో ఈటీఏ అనుమతి తీసుకోవాలి.

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. ఎల్లో ఫీవర్ టీకా కార్డు మన దేశం నుంచి నేరుగా వెళ్లేవారిని కెన్యా అడగదు. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే అడుగుతారు. లేకపోతే 6 రోజుల వరకు క్వారంటైన్ తప్పదు.

టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. విశాఖ పోర్ట్ హెల్త్ కార్యాలయంలో విచారించండి. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

అయితే 60 దాటాక తొలిసారి వేయించుకునేవారికి ఈ టీకాతో అరుదుగా ప్రమాదకరమైన దుష్ఫలితాలు రావచ్చు. మొంబాసా వైపు వెళితే మలేరియా మాత్రలూ కావాలి. అందుచేత మనవల్ని చూడాలన్న తొందరలో టిక్కెట్టు కొనేయకండి. ముందు డాక్టరుగారిని కలవండి.

సెలవు.