పాత ప్రశ్నపత్రముల ప్రయోజనము



విజయవాడలో 2008లో నెలకొన్న వాస్తుశిల్ప విద్యాలయమున బి.ఆర్క్. చేరగోరువారు జె.ఇ.ఇ. మెయిన్ 2ఎ పత్రము వ్రాయవలెను. 400 మార్కులలో 100 చిత్రలేఖనమునకే, ప్రశ్నలు రెండే. నా కుమార్తె పాత ప్రశ్నపత్రములన్నియు వల్లించినది. గణితము తప్పలేదు గాని, కాలము చాలక బొమ్మ సగములో నిలిచినది. తప్పు నాది, అమరమువలె వల్లింపుమన్నవాడను నేనే. బొమ్మకు జవాబుల పట్టిక యుండునా?

ఇప్పు డా పాత ప్రశ్నలకే గడియారము ముందుంచుకొని దినమునకొక బొమ్మ గీయుచున్నది: మన రైలుస్టేషను, నరసింహస్వామి గోపురము, మిరపకాయలారబోసిన కళ్లము. నిన్నటి బొమ్మలో గోపురము నీడ తూర్పునకు, మనుష్యుల నీడ పడమరకు పడినది! లెక్కలు వ్రాయు నాకే ఆ తప్పు కనబడినది. ముద్రితపత్రము చూపగలదా?

కావున మన గ్రంథాలయము పాతపత్రములను సంపుటముగా కట్టించి, ప్రక్కనే తెల్లకాగితముల దస్తా, ఒక గోడగడియారము నుంచవలెనని కోరుచున్నాను. గడియారము నేనిత్తును.