కర్త లేని నమోదు

మా గ్రంథాలయపు పుస్తకముల పట్టికను కంప్యూటరున నెక్కించుటకై మా మనుమడు పైథాను భాషలో, 2005లో వెలువడిన జాంగో సాధనముతో, ఒక ఏపీఐని నిర్మించెను. ఏపీఐ యనగా ఇతర ప్రోగ్రాములు పంపు విన్నపములను గ్రహించు ద్వారము. (పైథాను పేరునకు మూలము పాము కాదు, ఒక హాస్యబృందమట!)

నేను పుస్తకము పేరు, రచయిత, సంవత్సరము నింపి పంపితిని. తెరపై 500 అను అంకె కనబడెను. మరల పంపితిని, అదియే. నా తప్పేయని సిగ్గుపడి రెండు దినములు ఆ పని ముట్టలేదు.

మనుమడు నవ్వి చెప్పెను: పంపిన వివరములు దోషయుక్తమైనచో 400 వచ్చును, నమోదు సృష్టియైనచో 201. 500 అనగా దోషము ప్రోగ్రాములోనిదే. వృథాగా సిగ్గుపడితిని!

పైథాను దోషనివేదికను చివరి పంక్తినుండి చదువవలెనట. అచ్చట "నమోదు చేసినవారు" అను గడి శూన్యముగా నుండరాదని డేటాబేసు త్రోసిపుచ్చినట్లుండెను. ఒకరి పేర మరొకరు వ్రాయకుండుటకై పంపువారు ఆ గడిని ముట్టరాదని నియమము కలదు. మరి ప్రవేశించినవారిని గుర్తించి ఆ పేరును ప్రోగ్రామే చేర్చవలెను గదా! మా వాడు అది మరచెను. కర్మయు క్రియయు నుండి కర్త లేని వాక్యమువలె ఆకాంక్ష తీరకయే నిలిచినది.

"తాతయ్యా, ఆ గడిని ఖాళీగా నుండనిత్తునా? సులభము" అనెను. వలదంటిని. ఎవరు వ్రాసిరో తెలియని పట్టికలో తప్పు దొరలినచో నెవరి నడుగుదుము? అతడు భద్రపరచు చోట పేరు చేర్చు పంక్తి నొకదానిని వ్రాసెను. పంపితిని. 201 వచ్చెను, ప్రక్కనే నా పేరు.