గడ్డి కోయు యంత్రము - మన అవసరము

కల్లూరు వంటి మెట్టసీమలో గడ్డి పెంచుటయే కష్టము. కోయు యంత్రమును గూర్చి ప్రసంగమా యని శ్రోతలు నవ్వవచ్చును. అయినను విశాలమైన ఆవరణములు గల విద్యాలయములకు, తోటలకు ఈ యోచన తప్పదు.

1830లో ఎడ్విన్ బడ్డింగ్ అను ఆంగ్లేయుడు గడ్డి కోయు యంత్రమునకు పేటెంటు పొందెను. నేడు కూర్చుండి నడుపు యంత్రములలో ‘జీరో టర్న్’ అనునవి కలవు. వీనిలో సాధారణముగా రెండు మీటలుండును. ఒక్కొక్కటి ఒక్కొక్క వెనుకచక్రమును వేరుగా నడుపును. ఒకదానిని ముందునకు, రెండవదానిని వెనుకకు త్రిప్పినచో యంత్రము బొంగరమువలె ఉన్నచోటనే తిరుగును. చెట్ల చుట్టును కోయుటకు ఇది అనుకూలము.

కాని వాలునేలపై, అందును తడిగడ్డిపై, ఇది పట్టు తప్పి బోల్తాపడవచ్చును. కనుక కాలువగట్లకు, చెరువుకట్టలకు తగదు. కత్తి తగిలిన రాయి తూటావలె ఎగురును. ముందుగా రాళ్లు ఏరవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను.

కొనుటకు ముందు మూడు విషయములు చూచుకొందము: నేల ఎంత? అది చదునుగా నున్నదా? గడ్డి ఎన్ని నెలలు పెరుగును? మన ప్రాంతమున వానలు ముఖ్యముగా జూను నుండి అక్టోబరు వరకే. తక్కిన నెలలు యంత్రము కొట్టములో నిలుచును. గుర్రము గుడ్డిదైనను దాణా తప్పదు గదా! యంత్రమునకు పని కల్పించుటకై బోరునీరు పోసి పచ్చిక పెంచుట వివేకము కాదు.

చిన్న ఆవరణమునకు గరికయు, చేతితో త్రోయు యంత్రమో కొడవలియో చాలును. కోసిన గడ్డి పశువులకు మేతయగును. మిగిలిన నీరు మనకు దక్కును.